జీడిమామిడి పూత మాడకుండా ఏం చేయాలి? బెంగళూరులో ఉంటూ తోట చూసుకునేవాళ్ల కోసం

సంక్రాంతి దాటిందంటే బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఒకేలాంటి ఫోన్ వస్తుంది. చింతామణి దగ్గర కొన్న రెండెకరాల నుంచి కావచ్చు, శ్రీనివాసపుర వైపు అత్తగారి తోట నుంచి కావచ్చు, ఇంకా దూరం పలాస నుంచో ఒంగోలు నుంచో కావచ్చు. "మంచుకి పూతంతా మాడిపోయింది సార్" అంటాడు తోట చూసుకునే మనిషి. వెనకాలే వాట్సాప్‌లో ఫొటో. పచ్చటి చెట్టు మీద అక్కడక్కడా నల్లగా ఎండి వేలాడే పూగుత్తులు. మనకి టెన్షన్. ఆదివారం దారిలో మందుల షాపు దగ్గర కారాపి, అతను ఇచ్చిన రెండు డబ్బాలు కొని తోటకి చేరవేస్తాం.

ఆ డబ్బు దాదాపు దండగే. మాడిన గుత్తి ఏ మందు కొట్టినా మళ్లీ కాయదు. జీడిమామిడికి పూత కొమ్మ చివరనే వస్తుంది కాబట్టి చివర ఎండిందంటే ఆ కొమ్మకి ఆ ఏడు కాపు పోయినట్టే. చేయాల్సిన పనిలో ముప్పాతిక భాగం పూత కనపడకముందే, వానలకి ముందూ వానలు తగ్గాకా ఉంటుంది. ఆ పని వరసగా చెబుతాను. వారానికోసారి మాత్రమే తోటకి వెళ్లగలిగేవాళ్లని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ముందు, ఎండింది ఎందుకో తేల్చుకోండి

మంచు అన్నమాట పూర్తిగా తప్పు కాదు. మంచు, మబ్బు, సన్నటి తుంపర ఉన్న రోజుల్లోనే శిలీంధ్రం విజృంభిస్తుంది. దాని బీజాలు మొలకెత్తడానికి ఆకు మీద కొన్ని గంటలు తడి నిలవాలి. మన వైపు జనవరి ఉదయాల్లో ఆ తడికి కొదవ లేదు. కానీ అసలు దొంగ మంచు కాదు. ఆ దొంగ ఎవరో తెలియకుండా మందు కొనకండి.

ఫోన్ పెట్టేసే ముందు తోట మనిషిని మూడు ఫొటోలు అడగండి. చెట్టు మొత్తం ఒకటి. కొమ్మలో పచ్చ భాగం ఆగి ఎండు మొదలైన చోటుని దగ్గరగా ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయమనండి. మూడోది చెట్టు మొదలు, నేలకి ఆనుకుని ఉన్న భాగం. ఈ మూడో ఫొటో ఎవరూ పంపరు, అడిగి తెప్పించుకోవాలి. మొదలు దగ్గర రంపపు పొట్టు లాంటిది రాలి, చిన్న కన్నాలు, జిగురు కనపడితే అది కాండం తొలుచు పురుగు. అలాంటి చెట్టు ఆకులు మొత్తంగా పసుపెక్కుతాయి. దానికి తెగులు మందులు ఎన్ని కొట్టినా ఉపయోగం లేదు, పురుగుని తవ్వి తీయించాల్సిందే.

మొదలు శుభ్రంగా ఉండి, కొమ్మ చివరలే ఎండుతుంటే లేత రెమ్మని చేతిలోకి తీసుకుని చూడండి. రెమ్మ పొడవునా కోలగా, లోపలికి నొక్కినట్టున్న గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చ దగ్గర చిన్న జిగురు బొట్టు ఉంటే అది టీ దోమ పని. పేరు దోమే గానీ అది నల్లులకి చుట్టమైన పురుగు. సెంటీమీటరు కూడా ఉండదు, ఎర్రగా సన్నగా ఉంటుంది. వీపు మీద గుండుసూది గుచ్చినట్టు నిక్కబొడుచుకున్న చిన్న బుడిపె ఉంటుంది, అదే దాని గుర్తు. పిల్ల పురుగులని చూసి చాలామంది చీమలనుకుంటారు. అది రసం పీల్చేటప్పుడు దాని లాలాజలంలోని విషం రెమ్మలోకి దిగి చుట్టూ ఉన్న కణాలని చంపేస్తుంది. ఆ చచ్చిన మచ్చలోకి కొల్లెటోట్రైకం, ఫోమాప్సిస్, లాసియోడిప్లోడియా లాంటి శిలీంధ్రాలు చేరతాయి. పురుగు తలుపు తెరిస్తే శిలీంధ్రం ఇల్లు ఆక్రమించినట్టు. పూత మాడటంలో ఎక్కువ భాగం ఈ ఇద్దరి ఉమ్మడి పనే. అందుకే ఒక్క తెగులు మందో, ఒక్క పురుగు మందో కొట్టి ఫలితం లేదని బాధపడుతుంటారు.

పురుగు గాట్లు లేకుండా లేత ఆకు, రెమ్మ, పిందె మీద నీటిలో నానినట్టున్న మచ్చ పుట్టి, ఎర్రగోధుమ రంగుకి తిరిగి, ముడుచుకుపోతుంటే అది కొల్లెటోట్రైకం ఒక్కటే తెచ్చే మచ్చ తెగులు. మామిడిలో పక్షికన్ను తెగులు అంటామే, దాని వెనక ఉన్నదీ ఈ జాతే. ఇక వానాకాలంలో పెద్ద కొమ్మలు ఎండుతూ, కొమ్మల పంగల దగ్గర బెరడు మీద ముందు పట్టుదారం లాంటి తెల్లటి పొర, తర్వాత లేత గులాబీ రంగు పూత కనపడితే గులాబీ తెగులు. అది చూడటానికి అందంగానే ఉంటుంది, కానీ బెరడుని చంపి కొమ్మని చివరి నుంచి ఎండబెడుతుంది.

వంటింట్లో చిన్న పరీక్ష

ఫొటో చూసి తేల్చుకోలేకపోతే ఇది చేయండి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు కూడా చేసుకోవచ్చు, ఖర్చు లేదు. నిజం చెప్పాలంటే ఈ వ్యాసంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే చూసినవాళ్లు ఇక ఊహల మీద మందు కొనరు.

తోట నుంచి వచ్చేటప్పుడు పచ్చ, ఎండు కలిసే చోటు వచ్చేలా వేలెడు పొడవున నాలుగైదు రెమ్మలు కోయండి. పూర్తిగా ఎండిపోయిన పుల్ల వద్దు. అందులో అసలు తెగులు వెళ్లిపోయి, చచ్చిన కట్టె మీద బతికే వేరే బూజులు చేరి ఉంటాయి. రెమ్మలని పేపర్లో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో కట్టి కారులో పడేస్తే ఇంటికి చేరేసరికి కుళ్లిపోతాయి. ఇంటికొచ్చాక నీళ్లతో కడిగి, శానిటైజర్‌లో తడిపిన దూదితో పైన తుడిచి ఆరనివ్వండి. మూత ఉన్న పాత స్వీట్ డబ్బాలో తడి టిష్యూ పేపర్ పరిచి, దాని మీద రెండు పుల్లలు అడ్డంగా పెట్టి, రెమ్మలు తడికి నేరుగా తగలకుండా ఆ పుల్లల మీద ఉంచండి. మూతపెట్టి నీడలో ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో పెట్టకండి.

రెండో రోజు నుంచి పొద్దున్నే ఒకసారి ఫోన్ టార్చి వేసి చూడండి. మచ్చ మీద నారింజ, గులాబీ కలిసిన రంగులో సన్నటి జిగట బొట్లు లేస్తే కొల్లెటోట్రైకం అనుకోవచ్చు. ఆ బొట్టు నిండా బీజాలే. తోటలో వాన చినుకు పడినప్పుడు అవి చిట్లి పక్క రెమ్మకి ఎగురుతాయి. బెరడులోంచి గుండుసూది తలంత నల్లటి చుక్కలు పొడుచుకొస్తే ఫోమాప్సిస్ లాంటిది. ముదురు బూడిదరంగు నూగు వేగంగా కమ్మేసి నల్లబడితే లాసియోడిప్లోడియా మీద అనుమానం పెట్టుకోవాలి. ఇది ల్యాబ్ రిపోర్టుకి సమానం కాదు. కానీ ఫొటోతో పాటు దీన్ని కూడా చూపిస్తే అవతలి శాస్త్రవేత్త రెండు నిమిషాల్లో దారి చెప్పగలడు. పని అయ్యాక డబ్బాని మూతపెట్టే చెత్తలో వేయండి, బాల్కనీ మొక్కల కుండీలో దులపకండి.

మందు కన్నా ముందు కత్తెర

కాపు కోసుకున్నాక, వానలు ముదరకముందు ఒక పొడి రోజు చూసుకుని ఎండు కొమ్మలు తీయించండి. మళ్లీ వానలు తెరిపిచ్చాక, కొత్త చిగురు రాకముందు ఒకసారి. చిగురు తొడిగాక కొమ్మ చివరలు కొడితే వచ్చే పూతని మీరే కోసేసుకున్నట్టు.

ఎంత కోయాలన్నదే అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. కూలీలు ఎండిన చోటికి సరిగ్గా కోసి వదిలేస్తారు. శిలీంధ్రం ఎండిన గీత దాటి లోపల ముందుకి పోయి ఉంటుంది. బెరడుని గోటితో గీకి చూడండి. కింద గోధుమరంగు కనిపిస్తే ఇంకా కిందకి జరగాలి, తడి పచ్చ కనిపించిన చోటు నుంచి మరో జానెడు కిందకి కోయాలి. కోత కొంచెం వాలుగా ఉంటే నీళ్లు నిలవవు. చెట్టు చెట్టుకీ మధ్య కత్తెరని, రంపాన్ని స్పిరిట్‌తో తుడవమనండి. ఈ ఒక్క మాట పాటించేవాళ్లు చాలా తక్కువ.

కోసిన పుల్లలు చెట్టు కింద కుప్ప వేసి వదిలేస్తే కోసిన లాభం పోయినట్టే. బీజాలు ఆ ఎండు పుల్లల్లోనే మళ్లీ వానకాలం దాకా దాక్కుంటాయి. తోటకి దూరంగా గుంట తీసి పూడ్చేయించండి. ఎండి చెట్టుకే వేలాడుతున్న పాత పూగుత్తులు, మాడి నల్లబడ్డ పిందెలు కూడా అందులోకే పోవాలి.

కొమ్మలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయిన ముదురు తోటల్లో ఎండా గాలీ లోపలికి పోవు. అలాంటిచోట మధ్యలో పెరిగిన నిలువు కొమ్మలు, నేలకి తాకే కింది కొమ్మలు తగ్గించండి. కొత్తగా వేసేవాళ్లు చెట్టుకీ చెట్టుకీ 7 నుంచి 8 మీటర్లు వదలండి. ప్లాటు చిన్నది కదా అని ఇరికిస్తే పదేళ్లకి తెగులుకి ఇల్లు కట్టిచ్చినట్టవుతుంది.

బోర్డో మిశ్రమం ఇంట్లో కలుపుకోవడం

కోసిన ప్రతి పెద్ద గాయానికీ బోర్డో పేస్ట్ పూయాలి. వానలకి ముందు మే చివర, జూన్ మొదట్లో ఒకసారి, వానలు తగ్గాక అక్టోబరులో ఒకసారి చెట్టంతా తడిసేలా 1 శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి. 1880ల్లో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల కోసం పుట్టిన మందు ఇది. ఇంతకాలమైనా దీని పని దీనిదే. ఇది ఆకు మీద పొరలా ఉండి బీజం మొలకెత్తకుండా ఆపుతుంది, లోపల చేరిన తెగులుని నయం చేయదు. అందుకే ముందే కొట్టాలి.

10 లీటర్లకి 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల మంచి రాతి సున్నం కావాలి. గాలికి పొడిబారిన పాత సున్నం పనికిరాదు. ప్లాస్టిక్ బకెట్లే వాడండి, ఇనుప బకెట్ ముట్టుకోవద్దు. ఒక బకెట్లో 5 లీటర్ల నీళ్లలో మైలుతుత్తం కరగనివ్వండి. పలుకులు పెద్దవైతే గుడ్డలో మూటకట్టి నీళ్లలో వేలాడదీస్తే రాత్రికి రాత్రి కరిగిపోతుంది. రెండో బకెట్లో సున్నం మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లండి. అది బుసబుసమని వేడెక్కుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి. చల్లారాక 5 లీటర్లకి చేసి వడగట్టండి. ఇప్పుడు నీలి నీళ్లని సున్నపు నీళ్లలోకి సన్నటి ధారగా పోస్తూ కర్రతో కలపండి. సున్నాన్ని తుత్తంలో పోయకండి, వరస తిరగబడితే మిశ్రమం సరిగ్గా కలవదు. చివరికి లేత ఆకాశం రంగులో ఉండాలి.

కొట్టేముందు ఒక తళతళలాడే ఇనుప కత్తిని అందులో ఒక నిమిషం ముంచి తీయండి. కత్తికి ఎర్రటి రాగి పూత అంటిందంటే తుత్తం ఇంకా మిగిలే ఉంది, అలాగే కొడితే లేత ఆకులు మాడిపోతాయి. కొంచెం సున్నపు నీళ్లు కలిపి మళ్లీ చూడండి. కత్తి మామూలుగా ఉంటే సిద్ధమైనట్టు. ఆ రోజే వాడేయాలి, మర్నాటికి విరిగిపోతుంది. ఇందులో పురుగు మందు కలిపి ఒకే ట్యాంకుతో పని కానిచ్చేద్దామనుకోవద్దు, సున్నానికి చాలా పురుగు మందులు చెడిపోతాయి.

పేస్ట్ అయితే ఇవే 100 గ్రాములు, 100 గ్రాములు ఒక్క లీటరు నీళ్లలో చిక్కగా. పాత పెయింట్ బ్రష్‌తో గాయం మీద, దాని చుట్టూ పూయండి. గులాబీ తెగులు ఉన్నచోట చెడ్డ బెరడు గీకేశాక పూయాలి.

పూత రోజుల్లో

చిగురు వచ్చినప్పటి నుంచి పిందె పట్టేదాకా వారానికోసారి చూడటం చాలు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చూడండి, టీ దోమ ఎండ వేళ ఆకుల చాటుకి పోతుంది. తోటకి నాలుగు వైపులా, మధ్యలో కొన్ని చెట్లు ఎంచుకుని కొన్ని కొమ్మలకి రిబ్బన్ కట్టించండి. ప్రతిసారీ ఆ కొమ్మలనే చూస్తే తెగులు పెరుగుతోందో ఆగిందో తెలుస్తుంది. లేకపోతే వెళ్లినప్పుడల్లా కళ్లకి పెద్దగా కనిపించిందే చూసి బెంగపడతాం.

మబ్బులు పట్టి, పూగుత్తులు అప్పుడే పొడుచుకొస్తుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి కొట్టొచ్చు. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక ఆగండి. జీడిమామిడి పువ్వుకి తేనెటీగలు, ఈగలు, చీమలు కావాలి. అవి రాకపోతే తెగులు లేకుండా కూడా కాయ ఉండదు. తప్పనిసరైతే సాయంత్రం పొద్దువాలాక కొట్టించండి. కొట్టేవాళ్లకి మాస్కు, చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా మీరే కొనివ్వండి, వాళ్లు కొనుక్కుంటారులే అని వదిలేయకండి.

పురుగు మందు విషయంలో నా మాట కచ్చితంగా ఉంటుంది. షాపువాళ్ల మాట మీద కొనకండి. తోటల శాఖ అధికారో, కృషి విజ్ఞాన కేంద్రమో కాగితం మీద రాసిస్తేనే, ఆ మోతాదే. కారణం మన పక్కనే ఉంది. కేరళలోని కాసరగోడులో ఈ టీ దోమ కోసమే జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల మధ్య ఉన్న ఊళ్లలో పుట్టిన పిల్లలు, వాళ్ల తల్లులు ఇవాళ్టికీ ఆ బాధ మోస్తున్నారు. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ మందుని దేశమంతటా ఆపింది. ఒక పురుగు కోసం మనుషులని పణం పెట్టే పని మళ్లీ చిన్న స్థాయిలో కూడా జరగకూడదు.

చెట్టు మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఉంటే వాటిని చంపించకండి. అవి టీ దోమని పట్టి తింటాయి. కోతకి వెళ్లేవాళ్లని కుడతాయన్నది నిజమే. ఫుల్ చేతులు వేసుకుని కోయమని, కూలి కొంచెం ఎక్కువిచ్చి ఒప్పించండి.

గట్టు మీద చెట్లు, అడవి చుట్టాలు

మన తోటలో ఎంత శుభ్రం చేసినా తెగులు, పురుగు వేరే చెట్ల మీద కాపురం చేస్తూనే ఉంటాయి. అందుకని గట్టు చుట్టూ ఒక రౌండు తిరగండి.

వేపని ముందు చూడండి. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోయి ఊరూరా జనం భయపడ్డారు, గుర్తుండే ఉంటుంది. అక్కడా ఇదే జంట: ఫోమాప్సిస్ జాతి శిలీంధ్రం ఒకటి, దానికి తోడు టీ దోమ. మీ తోటలో దోమ తగ్గి గట్టు మీద వేపకి లేత చిగురుందంటే అది అక్కడికి మారి ఉండొచ్చు. జామ మీద కూడా ఉంటుంది. వేపని కొట్టేయమని కాదు, పరీక్ష చేసే చెట్ల లెక్కలో దాన్నీ చేర్చుకోండి.

తర్వాత మామిడి. జీడిమామిడి, మామిడి ఒకే కుటుంబం. శ్రీనివాసపుర వైపు అయితే మీ తోట చుట్టూ మామిడే ఉంటుంది. పక్క తోట రైతుతో మాట్లాడి ఎండుకొమ్మలు తీసే పని ఇద్దరూ ఒకే వారంలో పెట్టుకోండి.

అదే కుటుంబంలో మన గుట్టల మీద పెరిగే అడవి చెట్లున్నాయి: నల్లజీడి, సారపప్పునిచ్చే మొర్రి. జీడిమామిడికి సొంత అడవి జాతులు బ్రెజిల్ వైపే ఉన్నాయి, చెట్టుని పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మనకి తెచ్చారు. ఇక్కడున్నవి దూరపు చుట్టాలు. వాటి ఆకుల మీద మచ్చలున్నాయని నరికించే పని చేయవద్దు. నల్లజీడి రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది కాబట్టి ఆకు తెంపేటప్పుడు చేతితొడుగులు వేసుకోండి.

ఈ చుట్టాల సంగతి ఎందుకింత చెబుతున్నానంటే, గింజ చెట్ల తెగుళ్ల చరిత్ర నిండా ఇదే కథ. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో చెస్ట్‌నట్ చెట్లు ఎండటం కనిపెట్టారు. ఆసియా నుంచి తెచ్చిన చెస్ట్‌నట్ మొక్కలతో పాటు వచ్చిన శిలీంధ్రం అది. ఆసియా చెట్టు దాన్ని ఓర్చుకుంది. అమెరికా అడవుల్లోని చుట్టం ఓర్చుకోలేకపోయింది. 50 ఏళ్లలో 300 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. నేల కిందున్న వేళ్లు చావవు కాబట్టి మొదళ్ల నుంచి ఇప్పటికీ పిలకలు వస్తాయి, కొంచెం ఎదిగాక మళ్లీ ఎండిపోతాయి. హేజెల్‌నట్‌లో ఇది తిరగబడింది. అమెరికా అడవి హేజెల్ మోయగలిగిన తెగులు, యూరప్ నుంచి తెచ్చి ఓరెగాన్‌లో వేసిన తోటలని పట్టి పీడించింది. తట్టుకునే గుణం ఏ చుట్టంలో దాగుందో ముందే ఎవరూ చెప్పలేరు. గుట్ట మీది చెట్టుని కాపాడటం తోటకి కూడా అవసరమే.

మీ వరకు దీనివల్ల మారాల్సిన పని ఒకటుంది. గోవా టూరుకి వెళ్లినప్పుడు నచ్చిందని ఒక మొక్క కారులో వేసుకు రాకండి. అంటు మొక్కలు ప్రభుత్వ నర్సరీలోనో, పరిశోధన కేంద్రంలోనో కొనండి. కొనేటప్పుడు అంటు కట్టిన చోట నల్లమచ్చ, జిగురు లేకుండా చూసుకోండి. తెచ్చిన మొక్కలని కొన్ని వారాలు పాత తోటకి దూరంగా ఉంచి చూశాక నాటండి.

ఎవరిని అడగాలి

బెంగళూరులో ఉన్నవాళ్లకి హెబ్బాళ దాటాక జీకేవీకే క్యాంపస్ ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తెగుళ్ల విభాగం వాళ్లు నమూనా చూస్తారు. చింతామణిలో జీడిమామిడి మీద పనిచేసిన పరిశోధన కేంద్రమే ఉంది, ఆ వైపు తోట ఉన్నవాళ్లకి అంతకన్నా దగ్గర ఇంకొకటి లేదు. దేశం మొత్తానికి పెద్ద కేంద్రం దక్షిణ కన్నడలోని పుత్తూరులో ఉంది. తోట ఆంధ్రాలో ఉంటే బాపట్ల కేంద్రానికి వెళ్లండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551, డబ్బులు పడవు.

నమూనా ఇచ్చేటప్పుడు పేపర్లో చుట్టిన రెమ్మలతో పాటు ఒక చీటీ పెట్టండి: ఊరు, రకం పేరు, చెట్టు వయసు, ఎండటం ఎప్పుడు మొదలైంది, అంతకుముందు వాన గానీ మబ్బు గానీ ఎన్ని రోజులుంది, ఇప్పటిదాకా ఏ మందు ఏ మోతాదులో కొట్టారు. సోమవారం పొద్దున్నే ఇవ్వండి. శనివారం మధ్యాహ్నం ఇచ్చిన రెమ్మ సోమవారానికి ఎందుకూ పనికిరాకుండా పోతుంది.